కాన్‌తీయ్: స్ప్రింగ్ జరీ తీగతో ఆకు బ్రోచ్ కుట్టడం, మొదటి నుంచి చివరిదాకా

పెళ్లి బ్లౌజుకి మగ్గం వర్క్ చేయించుకున్నవాళ్లు కాన్‌తీయ్‌ని చూసే ఉంటారు, పేరే తెలిసి ఉండదు. చేతుల అంచున, వీపు మీద నెమలి ఈకల్లో, బాల్‌పెన్ స్ప్రింగ్‌ని బాగా సన్నం చేసినట్టు మెరిసే చుట్టల తీగ ఉంటుంది చూడండి, అదే. మన దుకాణాల్లో ‘జర్దోసి’ అని అడిగితే ఇచ్చేస్తారు. ఉత్తరాదిలో దబ్కా అనో, నక్షీ అనో రకాన్ని బట్టి అంటారు. ఫ్రాన్స్‌లో బంగారు తీగ ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకి అది కాన్‌తీయ్. ఇంగ్లీషువాళ్లు చదివినట్టు కానెటిల్ అని పలికేవాళ్లూ ఉన్నారు, వీడియోల్లో రెండూ వినపడతాయి, వస్తువు ఒకటే. నగల పనిలో కూడా ఇదే పేరుతో ఒక పద్ధతి ఉంది, అది ఈ కుట్టుపని నుంచి పేరు తెచ్చుకున్నది, దాని సంగతి చివర్లో చెప్తాను.

పేరు సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ‘కాన్‌తీయ్ కిట్’ అని ఆన్‌లైన్‌లో కొడితే వచ్చే రేట్లు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు. ఈ తీగ మన దేశంలోనే బోలెడంత తయారవుతుంది, సూరత్, వారణాసి జరీకి పెట్టింది పేరు, విదేశాల్లో కోట్ల మీద కుట్టుకునే బంగారు తీగ బ్యాడ్జీలు కూడా చాలావరకు వారణాసిలోనో, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లోనో కుట్టినవే. సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో, బేగంబజార్లోనో, మీ ఊళ్లో మగ్గం సామాను అమ్మే ఏ చిన్న షాపులోనో గ్రాముల లెక్కన ప్యాకెట్లలో దొరుకుతుంది. తీగ మన దగ్గర ఉంది. ఫ్రెంచ్‌వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఆ తీగని వాళ్లు కోసే తీరు, కింద ఎత్తు పెట్టే తీరు.

ఇక్కడ మనం చేసేది 5 సెంటీమీటర్ల పొడవుండే ఆకు బ్రోచ్. బ్లౌజు మీద మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను, అంత పెద్ద పని మధ్యలో చేయి కుదరకపోతే పట్టుచీర బడ్జెట్ బూడిదవుతుంది, పైగా ఇంట్లో టెన్షన్. ఆకు ఎందుకంటే, నడిమి ఈనె ఒక పద్ధతి, ఒక పక్క సగం ఇంకో పద్ధతి, రెండో పక్క మూడో పద్ధతి, చిన్న జాగాలో మూడూ చేతికొస్తాయి. మామూలు సూదితో టాకా వేయడం వస్తే చాలు, మగ్గం పనిలో వాడే ఆరీ సూది, అంటే కొక్కెం మొన ఉన్న సూది, పట్టడం రాకపోయినా పర్లేదు.

ఏమేం కావాలి

ముందు తీగ. రకాలు చాలా ఉన్నాయి, మనకి మూడు చాలు. ఒకటి నున్నగా మెరిసేది: సన్నగా లాగిన లోహపు తీగని చదును చేసి, ఆ చదును తీగని సన్నటి ఊచ మీద పక్కపక్కనే చుట్టి, ఊచ మీద నుంచి జారుస్తారు. చదునుగా ఉంది కాబట్టి మెరుపెక్కువ. చదును చేయకుండా గుండ్రటి తీగనే చుడితే కాస్త మందమైన మెరుపు వస్తుంది, ఫ్రెంచ్‌లో దాన్ని మాత్ అంటారు, మన దగ్గర కోరా అంటే తెచ్చిస్తారు. రెండోది నక్షీ: దీన్ని చుట్టే ఊచకే మూలలుంటాయి, అందుకని తీగ కోణాలు తిరిగి, ఏ పక్క నుంచి చూసినా చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. ఫ్రెంచ్ షాపుల్లో దీన్ని ఫ్రిజే అని అడగాలి. మూడోది గట్టి తీగ, చుట్ట కూడా లావుగా, వరసగా పేర్చిన చిన్న పూసల్లా కనిపిస్తుంది. ఫ్రెంచ్ పేరు జాస్రోన్, ఇంగ్లీషులో పెర్ల్ పర్ల్. ఇది ఆకు అంచుకీ, ఈనెకీ. మన షాపుల్లో దీనికి ఒక్కో చోట ఒక్కో పేరు చెప్తారు, పేరు కోసం కుస్తీ పట్టకుండా ‘గట్టిగా ఉండే లావు స్ప్రింగు’ అని చెప్పి చూపించమనండి.

మొదటి రెండూ 1 మిల్లీమీటరు లావుంటే మొదటిసారికి బాగుంటుంది. మరీ సన్నది కోయడం కష్టం, మరీ లావుది చిన్న ఆకు మీద మోటుగా కనిపిస్తుంది. ఒక్కో రకం 10 గ్రాములు తీసుకున్నా ఇంకా మిగులుతుంది. కొనేటప్పుడు ఒక పోగు బయటికి తీసి తెల్ల గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి, నలుపు అంటితే అది ఎప్పటి సరుకో. ప్యాకెట్లో తీగ చిక్కుపడి, అక్కడక్కడా చుట్టలు సాగిపోయి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి, సాగిన చోటు మళ్లీ దగ్గరపడదు.

మిగతా సామాను మామూలుదే. 10 లేదా 12 నంబరు సన్న సూదులు. సూది కన్నుతో సహా చుట్ట లోపలి నుంచి దూరాలి, అది షాపులోనే చూసుకోండి. తీగ రంగుకి దగ్గరగా ఉన్న సిల్కు లేదా పాలిస్టర్ దారం. తేనెమైనం ముక్క. పసుపు రంగు ఫెల్ట్ గుడ్డ, ఎందుకంటే తీగ మధ్యలో ఎక్కడైనా సందు కనపడినా పసుపు మీద తెలియదు, వెండి తీగ వాడితే బూడిదరంగు తీసుకోండి. మెత్తటి నూలు దారం, లావుది. కొనలు సూదిగా ఉండే చిన్న కత్తెర, కానీ మీ బ్లౌజులు కత్తిరించే మంచి కత్తెర మాత్రం దీనికి వాడొద్దు, లోహం కోస్తే దాని పదును వారం తిరక్కుండా పోతుంది. ట్విజర్స్. ఒక చిన్న మూత, అందులో అతికించడానికి వెల్వెట్ ముక్క. వెల్వెట్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నున్నటి బల్ల మీద కోసిన ముక్క ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి, వెల్వెట్ మీద పడ్డ ముక్క పడ్డచోటే ఉంటుంది, సూది మొనతో అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు.

గుడ్డ బిగించడం, డిజైన్ దింపడం

పైన రాసిల్కు, కింద కోరా నూలు గుడ్డ, రెండూ కలిపి బిగించండి. ఒట్టి పట్టు మీద ఈ బరువు ఆగదు, ముడతలు పడుతుంది. ఇంట్లో మగ్గం ఉంటే సరే, లేకపోతే చెక్క రింగు చాలు, లోపలి రింగుకి గుడ్డ పీలిక చుట్టి బిగిస్తే జారదు. వేలితో కొడితే టక్‌మని మోగాలి. పని మధ్యలో వదులైతే మళ్లీ బిగించడానికి వీల్లేదు, బిగించిన మరుక్షణం అప్పటిదాకా కుట్టిన తీగలన్నీ లాగుకుపోతాయి. అందుకని మొదట్లోనే అతిగా బిగించేయండి. రింగుని ఒక చేత్తో పట్టుకుని కుడదామనుకోకండి, దేనికైనా క్లాంపుతో బిగించండి లేదా బల్ల అంచుకి ఆనించి పైన బరువు పెట్టండి, ఈ పనికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒకటి పైన, ఒకటి కింద.

డిజైన్ దింపడానికి మగ్గంవాళ్ల పద్ధతిని మించింది లేదు: బటర్ పేపర్ మీద ఆకు గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, జింక్ పౌడర్ కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ఉండతో పైన రాయడం. ఒక్క ఆకుకి ఇంత హడావుడి ఎందుకనుకుంటే సన్న పెన్సిల్‌తో నేరుగా గీసేయండి, ఎలాగూ గీత తీగ కింద దాగిపోతుంది. పొడవు 5 సెంటీమీటర్లు, మధ్యలో వెడల్పు 2 సెంటీమీటర్లు, నడుమ ఈనె.

కింద ఎత్తు పెట్టడం

కింద ఎత్తు లేకపోతే ఈ తీగకి అందం లేదు, ఎందుకంటే దాని మీద వెలుతురు ఆడాలంటే తీగ ఒంపు తిరిగి ఉండాలి. ఎడమ సగానికి ఫెల్ట్, కుడి సగానికి నూలు దారం.

ఎడమ సగం తేలిక. ఫెల్ట్‌లో రెండు ముక్కలు కోయండి, ఒకటి ఆ సగం ఆకారం కంటే చిన్నది, ఇంకోటి గీతకి లోపలగా సరిపోయేది. చిన్నది కింద, పెద్దది పైన. తిరగేసి పెడితే అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. గుడ్డ వైపు నుంచి సూది పైకి తెచ్చి ఫెల్ట్ అంచులోకి దింపుతూ చిన్న టాకాలు వేయండి.

కుడి సగానికి లావు నూలు దారాన్ని మైనం మీద రెండు మూడుసార్లు లాగి, 10, 12 పోగులు కలిపి కట్టలా పట్టుకోండి. మొత్తం సగాన్ని నింపొద్దు, ఈనెకీ అంచుకీ మధ్యలో 4 మిల్లీమీటర్ల వెడల్పున ఒక దిబ్బలాగా, ఆకు మొదలు నుంచి కొన దాకా వంపు తిరుగుతూ పడుకోవాలి. కట్ట మీదుగా దారంతో అడ్డంగా టాకాలు వేసి నొక్కుతూ వెళ్లండి. కొన దగ్గర సన్నబడాలి కదా, అక్కడ కట్టని కొంచెం పైకి లేపి అడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కత్తిరించండి, పై పోగులు ముట్టుకోవద్దు, అప్పుడు ఏటవాలు నున్నగా వస్తుంది. మన లోడ్ వర్క్‌లో దారంతో నింపి పైన జర్దోసి వేస్తారే, సూత్రం అదే. కాకపోతే ఇక్కడ కట్ట గట్టిగా ఉండాలి, వేలితో నొక్కితే అణగకూడదు. అణిగే దిబ్బ మీద తీగ నిలబడదు.

దిబ్బ మీద తర్వాత ఏం మార్చడానికీ ఉండదు, ఇప్పుడే పక్క నుంచి కంటిని గుడ్డ ఎత్తుకి దించి చూడండి. ఎక్కడ గుంట ఉందో అక్కడ ఇంకో రెండు పోగులు.

అంచు, ఈనె

గట్టి తీగ ముందు కుట్టేయాలి, మెత్తటి ముక్కలు చివరికి. వరస మారిస్తే మీ చేతులే వాటిని నలిపేస్తాయి.

ఈనె పొడవు కంటే కాస్త తక్కువగా ముక్క కోసి, రెండు కొనలూ పట్టుకుని కొంచెం, కొంచెం అంటే కొంచెమే, సాగదీయండి. 4 సెంటీమీటర్ల ముక్క 5 దాకా సాగితే సరిపోతుంది. చుట్టల మధ్య సన్నటి సందు కనిపించాలి, అంతే, ఆ సందులోకే దారం దిగి మాయమవుతుంది. మైనం రాసిన దారంతో, మూడు నాలుగు చుట్టలకి ఒకటి చొప్పున, తీగ మీదుగా టాకా వేసి లాగండి. సరిగ్గా సందులో పడితే చేతికి చిన్న ‘టక్’ తెలుస్తుంది, దారం కనపడదు. టాకా చుట్ట మీద పడితే తెల్లారేదాకా లాగినా కనిపిస్తూనే ఉంటుంది, విప్పి మళ్లీ వేయండి. కొన దగ్గర కోసిన తీగ మొన బయటికి పొడుచుకురాకుండా ట్విజర్స్‌తో కిందికి వంచేయండి, లేకపోతే రేపు పట్టు పైటని పీకేస్తుంది. ఆకు కొన లాంటి మలుపు దగ్గర వేళ్లతో వంచకుండా ట్విజర్స్‌తో ఆ ఒక్కచోట నొక్కి మడిస్తే మూల పదునుగా వస్తుంది.

ఈనె అయ్యాక చుట్టూ అంచు కూడా ఇలాగే.

అసలు పని: ముక్క కోయడం

ఇక్కడి నుంచి నిదానంగా చదవండి. చేయడం కూడా నిదానంగానే.

తీగ ముక్కని పూసలాగా సూదికి ఎక్కించి, దిబ్బకి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వంతెనలా పడుకోబెట్టి, సూది కిందికి దింపేయడం. చెప్పడానికి ఇంతే. కానీ ముక్క పొడవు అర మిల్లీమీటరు తక్కువైతే చివర దారం బయటపడి, దాని పక్కన గుడ్డ కనిపిస్తుంది. అర మిల్లీమీటరు ఎక్కువైతే ముక్క మధ్యలో వీపు ఎత్తి, చుట్టలు విడిపోయి లోపలి దారం పళ్లికిలిస్తుంది, అలా విరిగిన ముక్కని సరిచేయడం ఎవరివల్లా కాదు, తీసి పారేయడమే. మన కారిగర్లు కంటి అంచనాతో వరసగా కోసి పడేస్తారు, అది ఏళ్ల చేయి. మనం కొలుచుకుందాం.

మన దిబ్బ 4 మిల్లీమీటర్ల వెడల్పు. ముక్కల్ని దిబ్బకి నేరుగా అడ్డంగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా వేస్తాం, ఆకు ఈనెల్లాగా, కాబట్టి దాటాల్సిన దూరం దాదాపు 5.7 మిల్లీమీటర్లు అవుతుంది. దిబ్బ 2 మిల్లీమీటర్ల ఎత్తుంటే ఆ ఒంపు ఎక్కి దిగడానికి మరో 2 మిల్లీమీటర్లు. వెరసి ఏడున్నరకి కాస్త అటూ ఇటూ. ఇది లెక్క, మీ దిబ్బ మీద అసలు కొలత తెలియాలంటే దారం ముక్కని ఏటవాలుగా దిబ్బ మీద పరిచి, రెండు పక్కలా గుడ్డని తాకేచోట గుర్తుపెట్టుకోండి. ఆ పొడవుకి ఒక ముక్క కోసి, వేసి చూసి, అది కుదిరాక దాని పక్కనే ఆనించి మిగతా నాలుగైదు ముక్కలు కోసుకోండి. ఒకేసారి యాభై కోసిపెట్టుకోవడం దండగ, దిబ్బ సన్నబడుతున్న కొద్దీ కొలత మారిపోతూనే ఉంటుంది.

కోసేటప్పుడు కత్తెర మధ్యభాగంతో కాదు, కొనలతో. తీగని ఎడమచేతి వేళ్ల మధ్య వెల్వెట్ మూత పైనే పట్టుకుని, కత్తెర కొనని రెండు చుట్టల సందులో పెట్టి ఒక్క నొక్కు. కోత నిలువుగా ఉండాలి. ముక్క చివర చిన్న తోక లాంటిది వేలాడుతుంటే దాన్ని కూడా తీసేయండి, ఆ తోకే దారాన్ని కోసేది.

దారం తేనెమైనం మీద రెండు మూడుసార్లు లాగాలి, తప్పనిసరి. తీగ లోపలి అంచులు ఒట్టి దారాన్ని రంపంలా కోస్తాయి, ఇవాళ బాగానే ఉన్నట్టుండి నాలుగుసార్లు వాడాక ముక్కలు రాలిపోతాయి. బ్రోచ్ కదా, చేతులు తగులుతూ ఉంటాయి, అందుకని దారం రెండు పోగులు పెట్టుకుంటే మంచిది.

మొదటి ముక్క ఆకు మొదట్లో కాదు, మధ్యలో వేయండి. వెడల్పెక్కువున్నచోట ఏటవాలు సరిగ్గా కుదిరితే మిగతావి దాన్ని చూసి వెళ్తాయి. సూదిని ఈనె వైపు, దిబ్బని ఆనుకుని పైకి తీయండి. సూది మొనతోనే వెల్వెట్ మీది ముక్కని గుచ్చి ఎత్తండి, దారం మీదుగా గుడ్డ దాకా జారనివ్వండి. వేళ్లతో తొయ్యొద్దు, చేతి చెమట కూడా తీగకి మంచిది కాదు. తర్వాత సూదిని దిబ్బకి అవతలి పక్కన, దిబ్బని ఆనుకుని, మొన కొంచెం దిబ్బ కిందికి వాలేలా దింపండి. అలా వాలితే ముక్క చివర గుడ్డలోకి ముడుచుకున్నట్టు దిగి, కోసిన మొన కనపడదు. ఇప్పుడు కింది చేత్తో దారాన్ని మెల్లగా లాగుతూ, పై చేత్తో ఇంకో సూది వీపుని ముక్క కింద పెట్టి ఒంపు తిరిగేదాకా ఆసరా ఇవ్వండి. ముక్క దిబ్బ మీద కూర్చోగానే ఆపండి. దారాన్ని ఇంకా లాగితే చుట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మామూలు కుట్టుపని చేసి చేసి వచ్చిన బిగించి లాగే అలవాటు ఇక్కడ పూర్తిగా మానుకోవాలి.

రెండో ముక్క మొదటిదాన్ని తాకుతూ, కానీ తోయకుండా. సూదిని ఎప్పుడూ ఒకే పక్క నుంచి, ఈనె వైపు నుంచే పైకి తెచ్చి అవతల దింపండి. ఇలా మధ్య నుంచి కొన దాకా, మళ్లీ మధ్యకి వచ్చి మొదలు దాకా. నాలుగైదు ముక్కలకోసారి రింగుని తిప్పి, వెలుతురు ఇంకో పక్క నుంచి పడేలా చూడండి. ఏటవాలు కొద్దికొద్దిగా మారిపోతూ ఉంటుంది, పని చేస్తున్నప్పుడు తెలియదు, తిప్పినప్పుడు తెలుస్తుంది. మారిందని అనిపిస్తే, ఈనె వైపు ముక్కల్ని ఆనించి అవతలి చివర వెంట్రుకవాసి దూరం జరుపుతూ రెండు మూడు ముక్కల్లో సర్దేయొచ్చు.

రెండు రకాల తీగ కలిపితే ఇంకా బాగుంటుంది: మూడు నున్నటివి, ఒకటి నక్షీ, మళ్లీ మూడు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి, పగటి వెలుతురులో కూర్చోండి. ట్యూబ్‌లైట్ కింద ఈ తీగ అంతా ఒకే మెరుపుగా కనిపించి కళ్లు లాగేస్తాయి.

ఎడమ సగం

ఇది చిన్నపిల్లలకైనా ఇవ్వగలిగే పని. నక్షీ తీగని ఒకటిన్నర, 2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ఫెల్ట్ మీద ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి ఉండేలా పూసలు కుట్టినట్టు కుట్టేయడం. పొడవు దాని లావుకి దగ్గరగా ఉంటే మెరుపు బాగా చెదురుతుంది. రెండు ముక్కలు పక్కపక్కనే ఒకే దిక్కుగా పడితే గీతలా కనిపిస్తుంది, అదొక్కటి చూసుకోండి. ముందు అంచుల వెంట వేసి తర్వాత మధ్యలో నింపండి, ఫెల్ట్ ఎక్కడా కనపడనంత దగ్గరగా.

పువ్వు మధ్య కేసరాల్లాగా లేచి ఉండే ఉంగరాలు కావాలనుకుంటే కావాలనే పొడవు ముక్క కోసి, సూది పైకి వచ్చిన చోటుకి మిల్లీమీటరు దూరంలోనే దింపితే అది విల్లులా లేచి నిలబడుతుంది. ఆకుకి అక్కర్లేదు.

బ్రోచ్‌గా మార్చడం

రింగులోంచి తీసే ముందే వెనకవైపు దారాల ముడులు చూసుకోండి. తర్వాత అంచు గీత నుంచి ఒక సెంటీమీటరు వదిలి గుడ్డ కత్తిరించండి, వంపుల దగ్గర అంచు తీగకి 2 మిల్లీమీటర్ల దాకా చిన్న చిన్న గాట్లు పెట్టండి. ఆకు ఆకారం కంటే మిల్లీమీటరు చిన్నదిగా గట్టి అట్ట కోసి వెనక పెట్టి, గుడ్డని దాని మీదికి మడిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకి దారంతో అడ్డదిడ్డంగా లాగి కట్టేయండి. జిగురు వాడొద్దు. కొన్ని జిగుర్లు లోహపు పూతని మాడుస్తాయి, మొదట్లో తెలియదు, కొన్నాళ్లకి అంచు వెంట ఆకుపచ్చగా తేలుతుంది. వెనక కప్పడానికి పల్చటి తోలు గానీ ఫెల్ట్ గానీ అదే ఆకారంలో కోసి, బ్రోచ్ పిన్‌ని ముందు దానికి కుట్టి, ఆ తర్వాత దాన్ని ఆకు వెనక అంచుల చుట్టూ సన్న టాకాలతో కుట్టండి. పిన్ను మధ్యలో కాకుండా పైభాగానికి దగ్గరగా కుడితే చీర కొంగు మీద బ్రోచ్ ముందుకి వాలిపోదు.

ఈ పని పెద్ద ఎత్తున ఎక్కడ చేస్తారంటే

ఫ్రాన్స్‌లో పాత నౌకాదళ పట్టణం రోష్‌ఫోర్‌లో బంగారు తీగ ఎంబ్రాయిడరీ ఇప్పటికీ నేర్పుతున్నారు. పారిస్‌లో 1924 నుంచి నడుస్తున్న లెసాజ్ సంస్థ పెద్ద ఫ్యాషన్ హౌస్‌లకి ఇలాంటి కుట్టుపని చేసిపెడుతుంది, దాన్ని 2002లో షానెల్ కొనేసింది. లండన్‌లో 1872లో పెట్టిన రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ ఉంది, 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక వస్త్రం మీద బంగారు పని చేసింది వాళ్లే. ఫ్రెంచ్‌వాళ్లు వాడే ల్యూనెవిల్ కొక్కెం కూడా మన ఆరీ సూదికి దగ్గరి చుట్టమే, కాబట్టి మగ్గం పని తెలిసినవాళ్లు వాళ్ల వీడియోలు చూస్తే భాష రాకపోయినా చేతులు చూసి అర్థం చేసుకోగలరు.

నగల్లో కాన్‌తీయ్

1820, 1830ల్లో ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో ఒక రకం బంగారు నగలు బాగా నడిచాయి. నెపోలియన్ యుద్ధాల తర్వాత బంగారానికి కటకట, కానీ నగ మాత్రం పెద్దదిగా కనపడాలి, అందుకని పల్చటి రేకులూ సన్న తీగలూ వాడి, తీగని స్ప్రింగులా చుట్టి, ఆ చుట్టని మళ్లీ పువ్వులుగా, శంకువులుగా పైకి లేపి, మధ్యలో చిన్న చిన్న బంగారు పూసలు అతికేవాళ్లు. తీగ చుట్ట కుట్టుపనిలోని చుట్టని గుర్తుచేయబట్టి అదే పేరు దీనికీ స్థిరపడింది. రాళ్లు కూడా పెద్దగా కనిపించి ఖర్చు తక్కువయ్యేవే, ఆమెథిస్ట్, టోపాజ్, ఆక్వామరీన్ లాంటివి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీటిని చూడొచ్చు.

విదేశాల్లో పాత నగల దుకాణాల్లో ఇలాంటిది చేతికొస్తే ఒక మాట గుర్తుంచుకోండి: చాలావాటిలో రాయి వెనక మూసేసి, లోపల రంగు రేకు పెట్టి ఉంటుంది. కుంకుడు నీళ్లలోనో సబ్బు నీళ్లలోనో ముంచారంటే తడి లోపలికి పోయి రేకు నల్లబడుతుంది, రాయి చచ్చిపోయినట్టు అవుతుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు.

మన దగ్గర దీనికి బంధువు కావాలంటే కరీంనగర్ వెళ్లండి. అక్కడి వెండి ఫిలిగ్రీకి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ సన్న వెండి తీగ పనే, చట్రం లోపల తీగ మెలికలు నింపి టంకం పెడతారు, ఎక్కువగా బల్లపరుపుగా అల్లికలా ఉంటుంది. కాన్‌తీయ్ నగలో తీగ పైకి లేస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఒక్క తేడాతో పోల్చుకోవచ్చు.

ఇంట్లో చేయాలంటే? వెలిగారం, టంకం, మంట పని కంసాలి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే, సన్న తీగ కాబట్టి మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలినా తీగే కరిగి ముద్దైపోతుంది, రాతల్లో చదివి చేసే పని కాదు. మంట లేకుండా మాత్రం ఇలా చేయొచ్చు. 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగని ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్లిక సూది మీద సందు లేకుండా చుట్టండి, 100 చుట్లు చుడితే 3 సెంటీమీటర్ల చుట్ట వస్తుంది. దాన్ని జార్చి, లోపల 0.4 మిల్లీమీటర్ల తిన్నని తీగ దూర్చండి, లోపల ఆసరా ఉంది కాబట్టి ఇప్పుడు దాన్ని ఎలా వంచితే అలా నిలుస్తుంది. కొన నుంచి ప్లయర్‌తో చక్రంలా చుట్టుకుంటూ వస్తే చిన్న గుండ్రటి పువ్వు. శంకువు కావాలంటే అల్లిక సూది బదులు మొన సన్నబడే ఆరె (తోలుకి చిల్లులు పొడిచే పనిముట్టు) మీద, సన్నవైపు నుంచి లావువైపుకి తీగ చుట్టి జార్చండి. ఈ పువ్వుల్ని, శంకువుల్ని చిల్లులున్న బ్రోచ్ బేస్ మీద పెట్టి సన్న తీగతో వెనక నుంచి కట్టేస్తే చెవికమ్మకైనా బ్రోచ్‌కైనా సరిపోతుంది.

దాచుకోవడం

ఆకు బ్రోచ్ అయినా మగ్గం బ్లౌజైనా ఒకటే మాట. అత్తరు, డియోడరెంట్, హెయిర్ స్ప్రే అన్నీ కొట్టుకున్నాకే ఇది పెట్టుకోండి. ఇస్త్రీ తగలనివ్వొద్దు. రబ్బరు బ్యాండ్ చుట్టి పెట్టొద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, దానివల్ల వెండి, రాగి కలిసిన తీగ నల్లబడుతుంది. ఉతికి గంజి లేకుండా ఆరబెట్టిన మెత్తటి తెల్ల నూలు గుడ్డలో చుట్టి, వర్షాకాలంలో పక్కన సిలికా జెల్ పొట్లం పడేయండి. బ్లౌజు మడత పెట్టాల్సివస్తే వర్క్ ఉన్నచోట మడత పడకుండా మధ్యలో గుడ్డ ఉండ పెట్టండి. నల్లబడ్డాక వెండి పాలిష్ రాసి మెరిపిద్దామనుకుంటే పాలిష్ చుట్టల లోపల ఇరుక్కుపోతుంది, పూత కూడా పోతుంది, ఆ నలుపుని ‘యాంటిక్’ అని అదే రకంగా కొత్తగా కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి వదిలేయండి.

వెల్వెట్ మూతలో మిగిలిన తునకలు ఊడ్చేయకండి. 2 మిల్లీమీటర్లకి పైబడి చుట్ట చెడనివన్నీ ఒక చిన్న సీసాలో పోసుకుంటే తర్వాతి ఆకుకి ఎడమ సగం ఉచితం. నేల మీద పడ్డవి మాత్రం అయస్కాంతానికి అంటవు, తడి గుడ్డతో తుడిచెయ్యాలి, పాకే పిల్లలున్న ఇల్లయితే పని ముగించి లేచిన వెంటనే.